నంద్యాల లోయ: సుత్తి నుంచి ఉపగ్రహం దాకా

నంద్యాల లోయలోని శిలలను చదివే పనికి రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. పడమట ఎర్రమలలు, తూర్పున నల్లమలలు, నడుమ కుందేరు నది. వెలుగోడు నుంచి నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ దాకా పరచుకున్న ఈ నల్లరేగడి నేల, భూవిజ్ఞానులు కడప బేసిన్ అని పిలిచే ప్రాచీన శిలాప్రాంతంలో భాగం. నెలవంక ఆకారంలో ఉండే ఆ బేసిన్ వైశాల్యం సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు. అందులోని అడుగు పొరలు దాదాపు 190 కోట్ల ఏళ్ల నాటివి. పులివెందుల దగ్గర ఆ పొరల్లోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన అగ్నిశిల వయసును కొలవడం వల్ల ఈ లెక్క తేలింది.

ఇంత నేలను ఒక్క చూపులో చూడడం 1972 దాకా ఇక్కడి జియాలజిస్టులకు సాధ్యం కాలేదు. అంతకు ముందు సుత్తి, దిక్సూచి, ఎద్దుల బండి, ఆ తరువాత జీపు, విమానంలోంచి తీసిన ఫొటో జియాలజిస్టుకు సాధనాలు. ఆ తరువాత ఉపగ్రహం వచ్చింది. దానితోపాటు, నేలను తాకకుండా దూరం నుంచి చదివే రిమోట్ సెన్సింగ్ జియాలజిస్టు అనే కొత్త వృత్తి పుట్టింది. మన దేశంలో ఆ వృత్తికి ప్రధాన కేంద్రం హైదరాబాదు. ఆ వృత్తి అందుకున్న పాత జ్ఞానంలో చాలా భాగం నంద్యాల లోయ లాంటి చోట్ల కాలినడకన కూడబెట్టినదే.

వజ్రాల గుంతలు, తొలి యాత్రికులు

ఈ నేల పొరల వరుసను మొదట తెలుసుకున్నది వజ్రాలు తవ్వినవారు. బనగానపల్లె, మునిమడుగు, రామళ్లకోట ప్రాంతాల్లో వారు పైనున్న గట్టి ఇసుకరాతి పొరను తొలిచి, దాని కింద గులకరాళ్లు అతుక్కుని ఏర్పడిన పలచని పొరను చేరేవారు. ఆ పొరను బయటికి తీసి, పగలగొట్టి, కడిగి, ఆరబెట్టి, ఎండలో చేత్తో ఏరేవారు. ఏ పొర కింద ఏ పొర ఉంటుందో, ఎంత లోతున వజ్రపు పొర తగులుతుందో వారికి అనుభవం చెప్పేది. పుస్తకాల్లో బనగానపల్లె శిలాశ్రేణిగా తరువాత స్థిరపడినవి ఆ పొరలే.

ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైన్ ఈ వజ్రపు గనుల గురించి రాసిన వివరాలు 1814లో లండన్‌లో వెలువడిన ఆయన గ్రంథంలో ఉన్నాయి. 1840లలో మద్రాసు సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న టి.జె. న్యూబోల్డ్ దక్షిణాది శిలల గురించి వరుసగా వ్యాసాలు ప్రచురించాడు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1844లో లోకానికి తెలియజేసిందీ ఆయనే. అదే గుహల్లో 1884, 85లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు తవ్వకాలు జరిపి ప్రాచీన జంతువుల ఎముకలు వెలికితీశారు. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను గురించి తొలిగా నమోదు చేసినది కూడా బ్రూస్ ఫుటే. ఈ గుహలన్నీ సున్నపురాతిని నీరు కరిగించగా ఏర్పడినవి. లోయకు పడమట ఉన్న సున్నపురాయి ఎంత విస్తారమైనదో వాటివల్లే ముందుగా తెలిసివచ్చింది.

విలియం కింగ్ గీసిన పటం

1851లో భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ, అంటే జీఎస్ఐ ఏర్పడ్డాక రాయలసీమలో క్రమబద్ధమైన సర్వే మొదలైంది. విలియం కింగ్ కడప, కర్నూలు ప్రాంతాల శిలల మీద రాసిన బృహద్గ్రంథం 1872లో జీఎస్ఐ మెమాయిర్ల ఎనిమిదో సంపుటంగా వచ్చింది. ఉమ్మడి ఖమ్మం జిల్లా ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించి సింగరేణికి దారి వేసినవాడూ ఆయనే. 1887 నుంచి 1894 దాకా జీఎస్ఐకి అధిపతిగా కూడా పనిచేశాడు.

కింగ్ ఈ ప్రాంతపు శిలలను రెండు పెద్ద వర్గాలుగా విడదీశాడు. పాతవి కడప శ్రేణులు, వాటిపైన వచ్చినవి కర్నూలు శ్రేణులు. ఆ విభజన, కొద్ది మార్పులతో, ఇప్పటికీ వాడుకలో ఉంది. కర్నూలు శ్రేణుల్లో ఈనాడు లెక్కకు వచ్చే పొరలు ఆరు. అడుగు నుంచి పైకి వరుసగా బనగానపల్లె క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి), నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. వీటిలో నార్జి కడప జిల్లాలోని ఊరు. మిగిలిన ఐదూ ఇప్పటి నంద్యాల జిల్లాలోవే. ప్రపంచంలో ఎక్కడ ఈ శిలల మీద వ్యాసం రాసినా ఈ ఊళ్ల పేర్లు తప్పవు.

కింగ్ పద్ధతి నడక. వాగు కోసిన గట్టు దగ్గర ఆగి పొరల వాలును, దిక్కును కొలవాలి. రెండు గట్ల మధ్య కనిపించని శిల ఎలా సాగి ఉంటుందో ఊహించి గీత కలపాలి. లోయ మధ్యలో ఈ పని మరీ కష్టం. నంద్యాల షేల్ మెత్తని పలకరాయి, తేలిగ్గా శిథిలమై రేగడిలో కలిసిపోతుంది. మైళ్ల తరబడి పంటపొలాలే తప్ప రాయి కనబడదు. తూర్పున నల్లమలలో దీనికి భిన్నమైన చిక్కు. అక్కడ రాయికి కొదవ లేదు, కానీ దట్టమైన అడవి, నీళ్లు దొరకని చోట్లు, చలిజ్వరాలు. పటంలో ఆ కొండల లోపలి భాగాలు చాలాకాలం స్థూలంగానే మిగలడానికి కారణం ఇదే.

విమానం ఎక్కిన కెమెరా

రెండో ప్రపంచ యుద్ధం తరువాత వైమానిక ఫొటోలు జియాలజిస్టుల చేతికి వచ్చాయి. విమానం ఒకే ఎత్తులో తిన్నగా ఎగురుతూ, ఒక ఫొటోలోని నేల సగానికి పైగా తరువాతి ఫొటోలో కూడా పడేలా చిత్రాలు తీస్తుంది. పక్కపక్క రెండు ఫొటోలను స్టీరియోస్కోపు కింద పెట్టి రెండు కళ్లతో చూస్తే కొండ కొండగా, లోయ లోయగా లేచి కనబడతాయి. పాణ్యం క్వార్ట్‌జైట్ కప్పిన ఎర్రమల గుట్టల బల్లపరుపు తలలు, వాటి అంచున నిలువునా తెగిన గోడలు, కింద సున్నపురాతి మెట్లు, ఇవన్నీ గది లోపలే గుర్తించవచ్చు. నడకతో వారాలు పట్టే పొరల అనుసంధానాన్ని ఫొటోల మీద కొద్ది రోజుల్లో గీసి, అనుమానం వచ్చిన చోట్లకు మాత్రమే జీపులో వెళ్లే పద్ధతి అలా మొదలైంది.

ఈ నేర్పును బోధించడానికి 1966లో నెదర్లాండ్స్ సహకారంతో డెహ్రాడూన్‌లో ఇండియన్ ఫొటో ఇంటర్‌ప్రిటేషన్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. ఇప్పటి భారత రిమోట్ సెన్సింగ్ సంస్థకు అదే మూలం. జీఎస్ఐలోనూ, విశ్వవిద్యాలయాల్లోనూ పనిచేసే రెండు మూడు తరాల జియాలజిస్టులు అక్కడ శిక్షణ పొందారు. డచ్చి నిపుణులు, భారతీయ నిపుణులు కలిసి కడప బేసిన్‌ను పరిశోధించడానికి కూడా ఆ బంధమే తోడ్పడింది.

1967లో అమెరికా సహాయంతో జీఎస్ఐ చేపట్టిన ఆపరేషన్ హార్డ్ రాక్‌లో విమానాల నుంచి శిలల అయస్కాంత, విద్యుత్ లక్షణాలను కొలిచారు. సర్వే చేసిన ప్రాంతాల్లో కడప బేసిన్ ఒకటి. నేలను తాకకుండా నేల గుణాన్ని తెలుసుకోవడం అనే ఆలోచన ఇక్కడి ఖనిజాన్వేషణలోకి అలా వచ్చింది.

హైదరాబాదు, షాద్‌నగర్

భారతదేశంలో రిమోట్ సెన్సింగ్‌కు ఆద్యుడు పిషరోతి రామ పిషరోటి. 1970 ప్రాంతంలో ఆయన బృందం కేరళలో హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ముతో కొబ్బరి తోటల ఫొటోలు తీసి, వేరు తెగులు సోకిన చెట్లను గుర్తించింది. 1974–75లో ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి అనంతపురం జిల్లాలో వ్యవసాయ వనరుల ప్రయోగ సర్వే జరిపాయి. ఆకాశం నుంచి నేలను పరిశీలించే పని ఈ దేశంలో ఎదిగిన తొలినాళ్లలోనే రాయలసీమ నేల దానికి ప్రయోగశాల అయింది.

1972 జులై 23న అమెరికా ప్రయోగించిన ఉపగ్రహానికి తరువాత లాండ్‌శాట్-1 అన్న పేరు స్థిరపడింది. అది ఒక్కో చిత్రంలో 185 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల నేలను పట్టేది. పద్దెనిమిది రోజులకొకసారి అదే చోటికి తిరిగి వచ్చేది. ఆకుపచ్చ, ఎరుపు కాంతులను, కంటికి కనిపించని రెండు పరారుణ పట్టీలను విడివిడిగా నమోదు చేసేది. చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద సుమారు 80 మీటర్లకు సమానం. ఊరి వీధులు కనబడవు. కానీ నల్లమల కొండల మడతలన్నీ ఒకే కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి కనబడతాయి.

1974లో హైదరాబాదు కేంద్రంగా జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ, అంటే ఎన్ఆర్ఎస్ఏ ఏర్పడింది. మొదట శాస్త్ర సాంకేతిక విభాగం కింద ఉండి, 1980లో అంతరిక్ష విభాగంలో చేరింది. 1979లో షాద్‌నగర్ దగ్గర లాండ్‌శాట్ సంకేతాలను నేరుగా అందుకునే కేంద్రం మొదలైంది. అంతకు ముందు చిత్రాల కోసం అమెరికాకు రాసి, టేపులూ ఫిల్ములూ వచ్చేదాకా ఎదురుచూడాలి. షాద్‌నగర్ ఆ ఎదురుచూపును తీర్చింది. 1982 నుంచి 1996 దాకా ఎన్ఆర్ఎస్ఏ సంచాలకుడిగా ఉన్న బులుసు లక్ష్మణ దీక్షితులు చిత్రాలను కంప్యూటరుతో శుద్ధి చేసే విద్యలో నిపుణుడు. ఆ సంస్థ ఎదిగినది ఆయన కాలంలోనే. 1988 మార్చి 17న భారత్ సొంత ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ కక్ష్యలోకి వెళ్లింది. ఆ తరువాత నంద్యాల లోయ చిత్రాలు మన ఉపగ్రహం నుంచి, మన కేంద్రానికి, మన ఖర్చుతో రావడం మొదలైంది. 2008లో ఎన్ఆర్ఎస్ఏ ఇస్రోలో భాగమై జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంగా మారింది.

బల్ల మీద లోయ

1970ల చివర, 80లలో ఈ వృత్తి చేసినవారి పనిబల్ల ఎలా ఉండేదో తెలుసుకుంటే వృత్తి స్వభావం అర్థమవుతుంది. అడుగున దీపాలున్న గాజుబల్ల. దాని మీద రెండున్నర లక్షల స్కేలుకు పెంచిన రంగుల చిత్రం. చిత్రం మీద పారదర్శకమైన ట్రేసింగ్ ఫిల్ము. పక్కన సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు. వెలుగోడు, నంద్యాల, ఆళ్లగడ్డ మూడూ 57-ఐ అనే ఒకే డిగ్రీ షీటులో పడతాయి. తూర్పు రేఖాంశం 78 నుంచి 79, ఉత్తర అక్షాంశం 15 నుంచి 16 డిగ్రీల మధ్య నేల అది. దాన్ని 50 వేల స్కేలులో గీస్తే పదహారు షీట్లు.

ఆ చిత్రంలో రంగులు కంటికి అలవాటైనవి కావు. పరారుణ కాంతిని ఎక్కువగా తిప్పికొట్టే పచ్చని ఆకు ఎర్రగా పడుతుంది. అందుకే నల్లమల అడవి ముదురు ఎరుపు. శీతాకాలంలో కర్నూలు–కడప కాలువ కింది వరిపొలాలు ఇంకా ప్రకాశవంతమైన ఎరుపు. పంట కోసిన రేగడి చేలు నీలి బూడిద. కుందేరు ఇసుక తెలుపు. లోతైన చెరువు నీరు నలుపు, బురదనీరు లేత నీలం. రాయి ఎక్కడా తన అసలు రంగులో కనబడదు. దాని ఉనికిని మట్టి, చెట్టు, వాగు, వాలు చెబుతాయి.

వాగుల తీరు అన్నిటికన్నా నమ్మదగిన ఆనవాలు. షేల్ మీద వాన నీరు ఇంకదు కనుక చెట్టుకొమ్మల్లా చీలిన వాగులు దట్టంగా ఉంటాయి. సున్నపురాతి మీద నీరు పగుళ్లలోకి దిగిపోతుంది కనుక పైన వాగులు తక్కువ, అక్కడక్కడా గుంటలు. క్వార్ట్‌జైట్ మీద వాగు పగులు వెంటే పోతుంది కనుక తిన్నగా సాగి ఒక్కసారి మలుపు తిరుగుతుంది. ఏ నెల చిత్రమో కూడా ముఖ్యం. వానాకాలం చిత్రాల్లో మేఘాలు అడ్డం. డిసెంబరు, జనవరి ఉదయాల్లో సూర్యుడు వాలుగా ఉండడంతో చిన్న గట్టుకు కూడా నీడ పడి, పొరల అంచులు గీసినట్టు తేలతాయి. వేసవిలో ఆకు రాలిన అడవిలో రాయి, మట్టి ఎక్కువగా బయటపడతాయి. అందువల్ల ఒకే చోటి చిత్రాలను రెండు ఋతువుల్లో చూడడం ఈ వృత్తిలో నియమం.

నేల మీద కిలోమీటర్ల కొద్దీ తిన్నగా సాగే ఆనవాళ్లను లినియమెంట్లు అంటారు. భూమి పగిలిన చోట్లు, శిలలు పక్కకు జరిగిన భ్రంశాలు తరచూ ఇలా కనబడతాయి. గడివేముల మండలంలోని గని ఊరి పేరును, కాల్వ అనే మరో ఊరి పేరును కలిపి పిలిచే గని–కాల్వ భ్రంశం అలాంటిదే. దాని చుట్టుపక్కల పాత రాగి తవ్వకాల ఆనవాళ్లు కూడా ఉన్నాయి. కానీ తిన్నగా కనబడేదంతా భ్రంశం కాదు. కాలువగట్టు, రైలుమార్గం, విద్యుత్ తీగల కోసం నరికిన అడవి, రిజర్వు ఫారెస్టు హద్దు కూడా చిత్రంలో తిన్నని గీతలే. వెలుగోడు నుంచి ఆళ్లగడ్డ దాకా కొండపాదం వెంట అడవి ముగిసి పొలాలు మొదలయ్యే చోట ఎరుపుకూ బూడిదకూ మధ్య స్పష్టమైన హద్దు కనబడుతుంది. అది చెట్ల హద్దు. అసలు శిలల హద్దు కొండల నుంచి కొట్టుకొచ్చిన రాళ్లూ మట్టీ కింద, కొంత అటో ఇటో దాగి ఉండవచ్చు. చిత్రం మీద గీసిన ప్రతి గీతనూ నేల మీద నిలబడి సరిచూసుకోవాలన్న కట్టుబాటు ఈ అనుభవాల నుంచే వచ్చింది.

రుద్రవరం రేఖ

ఉపగ్రహ చిత్రాల వల్ల కడప బేసిన్ అధ్యయనం కొత్త దారి పట్టినది 1980లలో. 1980లో డ్రూరీ, హోల్ట్ అనే బ్రిటిష్ పరిశోధకులు లాండ్‌శాట్ చిత్రాల ఆధారంగా దక్షిణ భారత శిలా ఖండపు నిర్మాణాన్ని వివరించారు. 1984లో మైయరింక్, డి.పి. రావు, రుప్కే కలిసి కడప బేసిన్ పొరల వరుస, నిర్మాణం మీద ప్రీకేంబ్రియన్ రీసెర్చ్ పత్రికలో సుదీర్ఘ వ్యాసం ప్రచురించారు. 1987లో వెంకటకృష్ణన్, దోతీవాలా లాండ్‌శాట్ చిత్రాలను చదివి బేసిన్ నిర్మాణానికి ఒక కొత్త నమూనా ప్రతిపాదించారు. అదే సంవత్సరం నాగరాజారావు, ఆయన సహచరులు జీఎస్ఐ క్షేత్ర సర్వేల సారాన్ని ఒక్కచోట చేర్చి, ఇప్పటికీ అందరూ చూసే వర్గీకరణను అందించారు.

ఈ పరిశోధనలతో వాడుకలోకి వచ్చిన పేరు రుద్రవరం రేఖ. రుద్రవరం ఆళ్లగడ్డకు దగ్గరి మండల కేంద్రం. నల్లమల పడమటి అంచు వెంట సాగే ఈ రేఖకు రెండు వైపులా శిలల తీరు పూర్తిగా వేరు. పడమట నంద్యాల లోయలో, ఎర్రమలల్లో పొరలు చాలావరకు పరచిన చాపల్లా దాదాపు సమతలంగా ఉంటాయి. తూర్పున నల్లమలలో పొరలు నలిగి, మడతలు పడి, కొన్నిచోట్ల తలకిందులై ఉంటాయి. తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి నల్లమల శిలలు పడమటికి నెట్టుకొచ్చాయనీ, ఆ నెట్టుడు ఆగిన అంచు ఈ రేఖ దగ్గర ఉందనీ పలువురు పరిశోధకుల అభిప్రాయం. నల్లమల విల్లులా పడమటికి ఉబ్బి ఉండడం కూడా దీనితో పొసగుతుంది.

ఈ తేడా నేల మీద నడిచినవారికి తెలియనిది కాదు. కొండ ఎక్కిన ప్రతి జియాలజిస్టూ మడతలను చూశాడు. కానీ ఒక మడతకూ దానికి యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో మడతకూ సంబంధం ఏమిటో అడవిలో నిలబడి చెప్పలేడు. చిత్రంలో ఆ సంబంధం ఒకే రేఖగా తేలింది. నల్లమల ఉత్తర భాగంలో గుండ్రంగా పైకి ఉబ్బిన ఈశ్వరకుప్పం డోము కూడా ఇలాగే. పొరల అంచులు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా తిరిగి ఉండడం పైనుంచి చూస్తేనే సంపూర్ణంగా కనబడుతుంది.

పైనుంచి చూస్తే కనబడనివీ ఉన్నాయి. నంద్యాల–గిద్దలూరు రైలుమార్గంలోని చలమ దగ్గర లాంప్రోయిట్ అనే అరుదైన శిల సన్నని పట్టీలుగా ఉంది. భూమి లోలోతుల నుంచి పైకి వచ్చే ఈ జాతి శిలల్లో వజ్రాలుండే అవకాశం ఉంది. చలమ శిల వయసు సుమారు 140 కోట్ల ఏళ్లు. లాంప్రోయిట్లలో అతి పాతవాటిలో ఇది ఒకటి. ఆ పట్టీల వెడల్పు లాండ్‌శాట్ తొలి చిత్రాల్లోని ఒక్క చుక్క కన్నా తక్కువ. వాటిని గుర్తించింది నడకే.

నీటి కోసం చదివిన పటాలు

ఈ వృత్తి పల్లెలకు నేరుగా ఉపయోగపడినది తాగునీటి విషయంలో. 1980ల రెండో సగంలో తాగునీటి జాతీయ మిషన్ కింద దేశంలోని జిల్లాలకు భూగర్భజల పటాలను ఉపగ్రహ చిత్రాల నుంచి తయారుచేశారు. ఆ తరువాత రాజీవ్ గాంధీ జాతీయ తాగునీటి మిషన్ కోసం 50 వేల స్కేలులో మరింత వివరమైన పటాలు వచ్చాయి. తొలి దశలో చేపట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఒక్కో పటంలో శిల రకం, నేల రూపం, పగుళ్లు, చెరువులు, బావుల సమాచారం పొరలు పొరలుగా పేర్చి, ఎక్కడ బోరు వేస్తే నీరు పడే అవకాశం ఉందో, ఎక్కడ ఇంకుడు చెరువు కడితే ఫలితం ఉంటుందో సూచించారు.

నంద్యాల లోయలో ఈ లెక్క ఊరూరికీ మారుతుంది. గట్టి షేల్ మీద ఉన్న ఊళ్లో బోరుకు నీరు తక్కువ. సున్నపురాతిలో కరిగిన సొరంగం తగిలితే నీరు పుష్కలం, తగలకపోతే పక్కనే వేసిన బోరు ఎండుబోరే. రెండు పగుళ్లు కలిసే చోటు అన్నిటికన్నా మేలు. నల్లమల పాదంలో కొండ రాళ్లు పేరుకున్న వాలులో వాననీరు బాగా ఇంకుతుంది. మహానంది కోనేటిలో ఏడాది పొడవునా ఊరే నీరు ఈ కొండపాదపు నీటి సంపదకు అందరికీ తెలిసిన సాక్ష్యం.

కట్టడాల విషయంలో కూడా శిలల చదువు అవసరం. 1983లో మొదలైన తెలుగుగంగ పథకం కృష్ణా నీటిని పోతిరెడ్డిపాడు, బనకచర్ల మీదుగా వెలుగోడు జలాశయానికి చేరుస్తుంది. గాలేరు మీద కట్టిన ఆ జలాశయం నిల్వ సామర్థ్యం 16.95 టీఎంసీలు. అక్కడి నుంచి నీరు బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా చెన్నై వైపు సాగుతుంది. 1970ల చిత్రాల్లో పొలాలూ వాగులూ ఉన్న చోట తరువాతి చిత్రాల్లో వెలుగోడు జలాశయం నల్లని నీటితట్టుగా కనబడుతుంది. అవుకు దగ్గర గాలేరు–నగరి పథకం సొరంగాలు తవ్వినప్పుడు బలహీనమైన శిలలు కూలి పనులు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి. లోపలి శిల సంగతి ముందే ఎంత తెలిస్తే అంత మేలని ఆ అనుభవం చెబుతోంది.

జలాశయాల్లో చేరే పూడికను లెక్కించడానికి కూడా ఉపగ్రహ చిత్రాలు వాడతారు. జలాశయం నిండుగా ఉన్నప్పటి నుంచి అడుగంటే దాకా వేర్వేరు తేదీల చిత్రాల్లో నీటి వైశాల్యాన్ని కొలిచి, ఆ తేదీల నీటిమట్టంతో కలిపి నిల్వను తేలుస్తారు. ఎప్పుడూ నీట మునిగి ఉండే అడుగు భాగాన్ని మాత్రం పడవ మీద నుంచే కొలవాలి. శ్రీశైలం జలాశయం తొలినాళ్లలో 308 టీఎంసీలు నిల్వ చేసేది. పూడిక వల్ల ఇప్పటి లెక్కలో అది సుమారు 215 టీఎంసీలు. వెలుగోడుకు వచ్చే నీరు చాలావరకు ఆ జలాశయం నుంచే రావాలి కనుక, ఈ తగ్గుదల నంద్యాల రైతుకు నేరుగా సంబంధించిన విషయం.

కొత్త కళ్లు

1995లో ప్రయోగించిన ఐఆర్ఎస్-1సీ చిత్రాల్లో 5.8 మీటర్ల వివరం కనబడింది. ఆ కాలానికి పౌర అవసరాలకు దొరికే చిత్రాల్లో అది మేటి స్థాయి. 2005 నాటి కార్టోశాట్-1 ఒకే నేలను రెండు కోణాల నుంచి చూసి, పాత స్టీరియోస్కోపు చేసిన పనిని అంతరిక్షం నుంచి చేసింది. 2009లో వచ్చిన భువన్ పోర్టల్ ఈ చిత్రాలను విద్యార్థుల ముందుకు కూడా తెచ్చింది. రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల చిత్రాల నుంచి జీఎస్ఐ, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి దేశమంతటికీ 50 వేల స్కేలులో నేల రూపాల పటాలు, లినియమెంట్ల పటాలు తయారుచేశాయి.

ఖనిజాలను వేరుచేసి గుర్తించే శక్తి కూడా పెరిగింది. బంకమట్టి ఖనిజాలు, సున్నపురాయి, డోలమైటు కొన్ని పరారుణ తరంగాలను ప్రత్యేకంగా పీల్చుకుంటాయి. 1980ల లాండ్‌శాట్‌లో అలాంటి ఒక పట్టీని చేర్చారు. 1999 నాటి ఆస్టర్ పరికరంలో అలాంటివి పలు పట్టీలున్నాయి. రాడార్ ఉపగ్రహాలు మేఘాల గుండా, రాత్రి పూట కూడా చూడగలవు. 2012లో రిశాట్-1ను, 2025 జులై 30న ఇస్రో, నాసా కలిసి నిర్మించిన నైసార్‌ను శ్రీహరికోట నుంచే ప్రయోగించారు. నేల సెంటీమీటర్ల మేర కుంగినా పసిగట్టడం నైసార్ లక్ష్యాల్లో ఒకటి. 2015 చివర్లో కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలో భూమి ఉన్నట్టుండి గుంటలుగా కుంగినప్పుడు ఊళ్లు భయపడ్డాయి. కింద సున్నపురాయి ఉన్న నంద్యాల, కడప జిల్లాలకు అలాంటి పరిశీలన ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

వృత్తిలో అడుగుపెట్టే దారి

ఈ వృత్తికి పునాది భూవిజ్ఞానమే. డాక్టర్ సి. మహదేవన్ తీర్చిదిద్దిన ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాఖ, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయాల నుంచి తెలుగు విద్యార్థులు ఈ రంగంలోకి వచ్చారు. ఎమ్మెస్సీ తరువాత డెహ్రాడూన్ సంస్థలో శిక్షణ ఒక దారి. యూపీఎస్సీ నిర్వహించే జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జీఎస్ఐలో చేరడం మరో దారి. 1976లో హైదరాబాదులో ఏర్పడిన జీఎస్ఐ శిక్షణ సంస్థ కొత్తగా చేరినవారిని తీర్చిదిద్దుతుంది. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, బేగంపేటలోని అణు ఖనిజాల డైరెక్టరేట్, విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ అంతరిక్ష అనువర్తనాల కేంద్రం, భూగర్భజల శాఖలు, గనుల సంస్థలు ఈ నైపుణ్యానికి కొలువులిస్తాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం ఉన్న డోలమైటు పొర కూడా ఈ బేసిన్‌లోదే. అణు ఖనిజాల శాఖ వారు దశాబ్దాలుగా ఈ బేసిన్ అంచులను గాలిస్తున్నారు.

ఉద్యోగంలో ఏడాది రెండు భాగాలుగా గడుస్తుంది. వానలు వెనకబడ్డాక క్షేత్రం, తరువాత గది. గదిలో గీసిన పటంలోని అనుమానాలన్నీ క్షేత్రంలో తీరాలి, క్షేత్రంలో కొట్టి తెచ్చిన రాతిముక్కలు ప్రయోగశాలలో తేలాలి. గాజుబల్ల స్థానంలో కంప్యూటరు వచ్చింది, దిక్సూచి పక్కన జీపీఎస్ చేరింది, ట్రేసింగ్ ఫిల్ము కనుమరుగైంది. ఇప్పుడు లక్షల చిత్రాలను యంత్రాలే వడపోసి లినియమెంట్లను గీసిపెడుతున్నాయి. అయితే యంత్రం గీసిన గీత కాలువగట్టో, అడవి హద్దో, నిజమైన భ్రంశమో తేల్చవలసింది ఇప్పటికీ జియాలజిస్టే.

కింగ్ పటానికి నూటయాభై ఏళ్లు దాటాయి. ఆ తరువాత వచ్చిన ప్రతి సాధనం ఆ పటాన్ని సరిదిద్దింది, విస్తరించింది, ఏదీ దాన్ని కొట్టిపారేయలేదు. బనగానపల్లె నుంచి నంద్యాల దాకా ఆరు పొరల వరుస నేటికీ అదే. నేల మీద నిలబడి రాతిని చూసి రాసుకున్న మాటకు ఉన్న బలం అది. చాలా ఉపగ్రహ చిత్రాలు ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని చదవాలనుకునే నంద్యాల, ఆళ్లగడ్డ విద్యార్థులు ముందుగా తమ ఊరి వాగుగట్టును, తమ ఇంటి గడప కింది నాపరాయిని చూడడం నేర్చుకోవాలి. ఈ వృత్తికి చదువు మొదలయ్యేది అక్కడి నుంచే.